వెలి జాబితా: అమెరికా ఆసుపత్రుల్లో సిబ్బంది, సరఫరాదారుల తనిఖీ చరిత్ర

అమెరికాలో ప్రభుత్వ వైద్య పథకాల డబ్బు తీసుకునే ఆసుపత్రులు, నర్సింగ్‌హోములు, ల్యాబులు, మందుల దుకాణాలు సాధారణంగా నెలకోసారి తమ జీతాల పట్టీని, సరఫరాదారుల పట్టీని ముందు పెట్టుకుని ఒక ప్రభుత్వ జాబితాతో సరిచూసుకుంటాయి. ఆ జాబితాను ఆరోగ్య, మానవ సేవల శాఖలోని ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం నడుపుతుంది. అందులో పేరు ఎక్కిన మనిషి చేసిన పనికి గానీ, సంస్థ అమ్మిన సరుక్కి గానీ ఫెడరల్ వైద్య పథకాలు పైసా చెల్లించవు. తెలిసో, తెలుసుకోవలసి ఉండీ తెలుసుకోకుండానో అలాంటివారిని పనిలో పెట్టుకున్న ఆసుపత్రి జరిమానా కట్టాలి. డాక్టరు నుంచి ఆపరేషన్ ట్రేలు సర్దే సహాయకుడి దాకా, పరికరాల కంపెనీ నుంచి బిల్లులు రాసే గుమాస్తా దాకా ఈ కట్టడి అందరికీ వర్తిస్తుంది.

ఈ ఆచారం ఒక్క చట్టంతో వచ్చింది కాదు. వందేళ్లకు పైగా, ఏదో ఒక అనర్థం జరిగినప్పుడల్లా ఒక నిబంధన చేరుతూ వచ్చింది. కొన్ని నిబంధనలు ప్రభుత్వ ఖజానాను కాపాడటానికి పుట్టాయి, కొన్ని రోగిని కాపాడటానికి పుట్టాయి. ఈ రెండు పాయలు చాలాకాలం కలవలేదు. అవి కలవకపోవడం వల్ల పోయిన ప్రాణాలున్నాయి.

వైద్యుడికి అర్హత ఉందో లేదో తేల్చే అధికారం రాష్ట్రాలదేనని 1889లో డెంట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం పెట్టిన లైసెన్సు నిబంధనను ఆ తీర్పు సమర్థించింది. అప్పటినుంచి లైసెన్సు రాష్ట్రం చూసుకునే వ్యవహారమైంది. ఆసుపత్రి పాత్ర మంచాలు, గదులు, నర్సులు సమకూర్చడం వరకే ఉండేది. అక్కడ కత్తి పట్టే మనిషి ఎలాంటివాడన్నది ఆసుపత్రి పూచీ కాదని అందరూ అనుకునేవారు.

ఈ ఆలోచనను మొదట కదిలించింది ప్రభుత్వం కాదు, శస్త్రవైద్యులే. 1913లో ఏర్పడిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 1917లో ఆసుపత్రులకు ఒక కనీస ప్రమాణాన్ని తయారుచేసింది. అది ఒక్క పేజీ పత్రం, అందులో ఉన్నవి ఐదే అంశాలు. ఆసుపత్రిలో పనిచేసే వైద్యులు ఒక సంఘంగా ఏర్పడాలి. చదువు, లైసెన్సు, యోగ్యత, నడవడి ఉన్నవారినే అందులో చేర్చుకోవాలి, రోగిని పంపినందుకు ఫీజులో వాటా పంచుకునే పద్ధతి ఉండకూడదు. మిగతా అంశాలు వైద్యుల సమావేశాలు, రోగుల రికార్డులు, ల్యాబు, ఎక్స్‌రే సదుపాయాలకు సంబంధించినవి. తర్వాతి కాలపు చట్టాలు వందల పేజీల్లో చెప్పిన సంగతులకు విత్తనం ఈ ఒక్క పేజీలోనే ఉంది: మనిషిని చేర్చుకునే ముందు చూడాలి, కమీషన్లు నిషిద్ధం.

మరుసటి ఏడాది సర్వేకు వెళ్లినవారు 100 మంచాలు, ఆపైన ఉన్న 692 ఆసుపత్రులను పరిశీలించారు. ప్రమాణానికి నిలబడినవి 89 మాత్రమే. విఫలమైనవాటిలో దేశమంతా పేరున్న పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. 1919లో న్యూయార్క్‌లో వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో జరిగిన సమావేశంలో ఫలితాల అంకెలు ప్రకటించారు. ఆసుపత్రుల పేర్లున్న జాబితా మాత్రం పత్రికల చేతికి చిక్కుతుందన్న భయంతో ఆ రాత్రే హోటల్ కొలిమిలో పడేశారు. వైద్యరంగం తన లోపాలను తానే కొలుచుకోవడం గొప్ప సంగతి. కొలిచినదాన్ని కాల్చేయడం వల్ల మాత్రం ఆ లోపాలు రోగులకు తెలియకుండా పోయాయి. ఎవరు యోగ్యులో తమకు తెలిస్తే చాలు, బయటివారికి తెలియనక్కర్లేదన్న ఆ ధోరణి తర్వాత 60 ఏళ్లకు పైగా కొనసాగింది. ఈ సర్వేల పనిని 1950ల్లో జాయింట్ కమిషన్ అనే సంస్థ అందుకుంది.

కోర్టులు ఈ గుట్టును నెమ్మదిగా బద్దలుకొట్టాయి. 1960లో ఇల్లినాయ్ రాష్ట్రంలో 18 ఏళ్ల కుర్రాడు ఫుట్‌బాల్ ఆటలో కాలు విరగ్గొట్టుకుని చార్లెస్టన్ కమ్యూనిటీ మెమోరియల్ ఆసుపత్రికి వచ్చాడు. అప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టరు కట్టిన పిండికట్టు బిగుసుకుపోయింది. కాలివేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి, స్పర్శ పోయింది. రెండు వారాల తర్వాత అతన్ని వేరే ఆసుపత్రికి తరలించారు, చివరికి మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చింది. చికిత్స చేసింది డాక్టరు గనక తనకు బాధ్యత లేదని ఆసుపత్రి వాదించింది. 1965లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదంది. లైసెన్సు నిబంధనలను, జాయింట్ కమిషన్ ప్రమాణాలను, ఆసుపత్రి సొంత నియమావళిని జ్యూరీ ముందు సాక్ష్యంగా పెట్టవచ్చని కూడా చెప్పింది. తన గోడల మధ్య జరిగే వైద్యానికి ఆసుపత్రి తానే జవాబు చెప్పాలన్న సూత్రం ఇక్కడ నిలబడింది.

1981లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. మిల్వాకీలోని మిసెరికార్డియా ఆసుపత్రిలో ఒక ఎముకల డాక్టరు దరఖాస్తు చేసుకున్నాడు. ఇన్సూరెన్సు గురించిన ప్రశ్నకు జవాబు రాయలేదు. ఇతర ఆసుపత్రుల్లో తన హక్కులకు కోత పడిన సంగతి దాచాడు. ఆసుపత్రి ఎవరినీ అడగలేదు, ఒక్క ఫోనైనా చేయలేదు, పైగా వైద్య సిబ్బందికి పెద్దగా నియమించింది. అతని చేతిలో తుంటి ఆపరేషన్ చేయించుకున్న రోగి తొడ చచ్చుబడింది. అడిగి ఉంటే తెలిసేదని, అడగడం ఆసుపత్రి విధి అని కోర్టు తేల్చింది. దరఖాస్తులో రాసినదాన్ని నమ్మి ఊరుకోకుండా మూలం దగ్గరికే వెళ్లి రుజువు చూసే అలవాటుకు న్యాయపరమైన బలం ఇలాంటి తీర్పులతోనే వచ్చింది.

అదే కాలంలో రెండో పాయ, డబ్బు పాయ, వేరే దారిలో పారుతోంది. 1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్, మెడికెయిడ్ చట్టంపై సంతకం చేశారు. మొదటిది 65 ఏళ్లు దాటినవారికి, రెండోది పేదలకు. మరుసటి ఏడాది జులై 1న మెడికేర్ మొదలయ్యేసరికి సుమారు 1.9 కోట్ల మంది అందులో ఉన్నారు. బిల్లు రాసి పంపితే ప్రభుత్వం చెల్లిస్తుంది. రాసినవాడు నిజంగా వైద్యం చేశాడా అని చూసే యంత్రాంగం మాత్రం దాదాపు లేదు. పదేళ్లు తిరక్కుండానే న్యూయార్క్ లాంటి నగరాల పేదవాడల్లో ‘మెడికెయిడ్ మిల్లులు’ వెలిశాయి. జలుబుతో వెళ్లిన మనిషిని ఒక గది నుంచి ఇంకో గదికి తిప్పి, రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు చేసి, కళ్లద్దాలు అంటగట్టి పంపేవారు. ల్యాబు నుంచి క్లినిక్‌కు, క్లినిక్ నుంచి ఆ భవనం యజమానికి వాటాలు అందేవి. 1976లో యూటా సెనేటర్ ఫ్రాంక్ మాస్ పాత బట్టలేసుకుని, పరిశోధక సిబ్బందితో కలిసి, రోగి వేషంలో అలాంటి క్లినిక్‌లకు వెళ్లి చూశారు. ఒంట్లో జబ్బేమీ లేని మనిషికి పరీక్షలు, మందులు రాసిచ్చారు. ఆయన ఉపసంఘం నివేదిక దేశమంతా అలజడి రేపింది.

ఆ ఏడాదే అప్పటి ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఏర్పడింది. 1972 చట్టం కమీషన్లను చిన్న నేరంగా గుర్తించగా, 1977 చట్టం దాన్ని పెద్ద నేరంగా మార్చింది. ఈ పథకాలకు సంబంధించిన నేరంలో శిక్షపడిన వైద్యులను వాటినుంచి తప్పనిసరిగా బహిష్కరించాలని కూడా ఆ 1977 చట్టమే చెప్పింది. ఈనాటి జాబితాకు పునాది అదే. 1981లో వచ్చిన మరో చట్టంతో, దొంగ బిల్లులకు కోర్టులో క్రిమినల్ కేసు నడపకుండానే శాఖ నేరుగా జరిమానా విధించే వీలు కలిగింది. ఒక్కో బిల్లు అంశానికి 2,000 డాలర్ల దాకా, దానిపై కోరిన మొత్తానికి రెట్టింపు.

1987 చట్టం ఈ విధానానికి ఈనాటి రూపం ఇచ్చింది. పథకాల డబ్బు కాజేసినవారికి, రోగులను హింసించి లేదా నిర్లక్ష్యం చేసి శిక్షపడినవారికి కనీసం 5 ఏళ్ల వెలి. లైసెన్సు రద్దు, కమీషన్లు, వైద్యవిద్య కోసం ప్రభుత్వం నుంచి తెచ్చుకున్న అప్పు ఎగవేత వంటివాటికి బహిష్కరించాలా వద్దా అన్నది ఇన్‌స్పెక్టర్ జనరల్ విచక్షణకు వదిలారు. రోగిని కొట్టినవాడు, అప్పు కట్టనివాడు ఒకే జాబితాలో పక్కపక్కన ఉండటం వింతగా తోస్తుంది. కానీ జాబితా ఉద్దేశం నేరం బరువు తూచడం కాదు. ప్రభుత్వ సొమ్ము ఎవరి చేతికి వెళ్లకూడదో చెప్పడమే దాని పని. రోగికి దక్కే రక్షణ అంతా ఆ సొమ్ము కట్టడి ద్వారా దక్కేదే.

రోగుల రక్షణకే ఉద్దేశించిన మొదటి జాతీయ ఏర్పాటు 1986 చట్టంతో వచ్చింది. ఒక రాష్ట్రంలో లైసెన్సు పోగొట్టుకున్న డాక్టరు పక్క రాష్ట్రానికి వెళ్లి బోర్డు తగిలించుకోవడం అప్పట్లో సులువు. దాన్ని ఆపడానికి నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్ 1990 సెప్టెంబర్ 1న తెరుచుకుంది. నష్టపరిహారం చెల్లింపులు, లైసెన్సు చర్యలు, ఆసుపత్రులు పెట్టిన ఆంక్షలు అందులో నమోదవుతాయి. డాక్టరును చేర్చుకునేటప్పుడు ఒకసారి, తర్వాత ప్రతి రెండేళ్లకు ఒకసారి ఆసుపత్రి అందులో వెతికి తీరాలి. ఆ వివరాలు ప్రజలకు మాత్రం అందవు. 1919 నాటి గోప్యత కొంత ఇక్కడా మిగిలింది.

ఈ వలకూ కంతలున్నాయి. ఇల్లినాయ్‌లో సహోద్యోగులకు విషం పెట్టి 1985లో శిక్షపడిన మైకేల్ స్వాంగో అనే డాక్టరు, జైలు నుంచి వచ్చాక అది మామూలు గొడవ కేసని నకిలీ కాగితాలు చూపించి 1992లో సౌత్ డకోటాలో, 1993లో న్యూయార్క్‌లో శిక్షణ వైద్యుడిగా చేరాడు. కాగితాన్ని కోర్టు రికార్డుతో పోల్చిచూస్తే మొదటి రోజే బయటపడేది. 2000లో న్యూయార్క్‌లో రోగులను చంపినట్టు నేరం ఒప్పుకుని యావజ్జీవ శిక్ష పొందాడు.

అంతకంటే బాధాకరమైనది చార్లెస్ కల్లెన్ ఉదంతం. ఇతను డాక్టరు కాదు, నర్సు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో 16 ఏళ్లలో 9 ఆసుపత్రులు, ఒక నర్సింగ్‌హోము మారాడు. డిగాక్సిన్, ఇన్సులిన్ వంటి మందులు ఎక్కించి రోగులను చంపాడు. అనుమానం వచ్చిన చోట్ల ఆసుపత్రులు అతన్ని సాగనంపాయి. తర్వాతి ఆసుపత్రి వాకబు చేస్తే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశాడని మాత్రం చెప్పాయి. నిజం చెబితే పరువునష్టం దావా వేస్తాడన్న భయం, చెబితే తమ ఆసుపత్రి మీదికి కేసులొస్తాయన్న భయం. డేటా బ్యాంకు అప్పటికి ముఖ్యంగా డాక్టర్లకు, దంతవైద్యులకు ఉద్దేశించింది. నర్సుల లైసెన్సు చర్యలు నమోదయ్యే మరో బ్యాంకు 1996 చట్టంతో వచ్చినా, అందులోకి ప్రభుత్వ సంస్థలు, బీమా పథకాలు చూడగలిగేవే తప్ప ఆసుపత్రులకు ప్రవేశం లేదు. పైగా అతని మీద తగిన ఫిర్యాదు నమోదు కాలేదు. 2003 డిసెంబర్‌లో అరెస్టయ్యాక 29 హత్యలు ఒప్పుకున్నాడు.

బహిష్కృతుల జాబితా అతన్ని పట్టుకోలేకపోయింది, ఎందుకంటే శిక్ష, లైసెన్సు రద్దు వంటిదేదో జరిగాకే ఆ జాబితాలో పేరు చేరుతుంది. దానికి ముందు జరగాల్సింది ఒక ఆసుపత్రి ఇంకో ఆసుపత్రికి నిజం చెప్పడం. న్యూజెర్సీ 2005లో చేసిన చట్టం ఈ మర్మాన్నే పట్టుకుంది. ఉద్యోగి నడవడి గురించి అడిగిన ఆసుపత్రికి నిజం చెప్పి తీరాలి, సద్భావంతో చెప్పినవారికి దావాల నుంచి రక్షణ ఉంటుంది. 2010 మార్చి 1 నుంచి జాతీయ డేటా బ్యాంకులో నర్సులు, ఇతర లైసెన్సుదారుల వివరాలు కూడా ఆసుపత్రులకు అందుబాటులోకి వచ్చాయి. 2013 మేలో రెండు బ్యాంకులను ఒక్కటి చేశారు.

ఇక జాబితా కథ. హిపా పేరుతో ప్రసిద్ధమైన 1996 చట్టం తప్పనిసరి బహిష్కరణకు వైద్యరంగపు ఇతర మోసాలను, మాదకద్రవ్యాల పెద్ద నేరాలను చేర్చింది, జరిమానాను అంశానికి 10,000 డాలర్లకు, మూడింతల పరిహారానికి పెంచింది. 1997 చట్టం రెండోసారి శిక్షపడితే 10 ఏళ్లు, మూడోసారైతే శాశ్వత బహిష్కరణ అంది. అసలు మలుపు అందులోని ఇంకో వాక్యంలో ఉంది: బహిష్కృతుడిని పనిలో పెట్టుకున్న లేదా అతనితో కాంట్రాక్టు కుదుర్చుకున్న సంస్థకే జరిమానా. అంతవరకు బహిష్కరణ ఆ వ్యక్తి తంటా. ఆనాటినుంచి అది ప్రతి యజమాని తంటా అయింది. తనిఖీ అనే పని, దానికోసం ఉద్యోగులు, ఆ సేవలమ్మే కంపెనీలు, అన్నీ ఈ వాక్యం నీడలోనే పెరిగాయి.

1999 సెప్టెంబర్‌లో ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఒక వివరణ పత్రం విడుదల చేసింది, 2013 మే 8న దాన్ని సవరించి మళ్లీ ఇచ్చింది. రోగిని ముట్టుకోని పనులు కూడా నిషేధం కిందికి వస్తాయని ఇవి విడమరిచి చెప్పాయి. ఆపరేషన్ ట్రేలు సిద్ధం చేయడం, మందుల చీటీలను కంప్యూటర్లో ఎక్కించడం, అంబులెన్సులను పంపే ఫోను దగ్గర కూర్చోవడం, లెక్కలు రాయడం, చివరికి జీతం లేని స్వచ్ఛంద సేవ. 2009 జనవరిలో మెడికెయిడ్‌ను పర్యవేక్షించే కేంద్ర సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసి, సంస్థలచేత నెలనెలా తనిఖీ చేయించమని సూచించింది. నెలకోసారి అన్న లెక్క ఆసుపత్రులన్నిటికీ చట్టం పెట్టిన గడువు కాదు. జాబితా నెలకోసారి మారుతుంది గనక ఆ లయే స్థిరపడింది.

జరిమానా లెక్క కట్టే తీరు చూస్తే ఆసుపత్రుల ఆదుర్దా అర్థమవుతుంది. నర్సు చేసిన ప్రతి పనికీ విడి బిల్లు ఉండదు. అందుకే ఆసుపత్రి తానే వెళ్లి తప్పు ఒప్పుకున్నప్పుడు, ఆ ఉద్యోగికి చెల్లించిన జీతభత్యాలను ఆసుపత్రి రాబడిలో ఫెడరల్ పథకాల వాటాతో హెచ్చిస్తారు. ఉదాహరణకు ఏడాదికి 60,000 డాలర్ల ఖర్చుతో రెండేళ్లు పనిచేసిన ఉద్యోగి, ఫెడరల్ వాటా 40 శాతం అనుకుంటే నష్టం 48,000 డాలర్లు. దానిపై సాధారణంగా కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే 72,000. తానుగా ఒప్పుకోకుండా పట్టుబడితే ఇంకా ఎక్కువ. 2018లో కాంగ్రెస్ అంశానికి విధించే గరిష్ఠ జరిమానాను 20,000 డాలర్లు చేసింది.

సరఫరాదారుల మీద నిఘా వేరే దారిన వచ్చింది. ఇంప్లాంట్లు, స్కోపులు అమ్మే కంపెనీల ప్రతినిధులు దశాబ్దాలుగా ఆపరేషన్ థియేటర్లో నిలబడి కొత్త పరికరం వాడకం చూపించేవారు. వాళ్లెవరో, ఏ శిక్షణ పొందారో, టీకాలు వేయించుకున్నారో లేదో ఎవరూ అడగలేదు. 1997లో న్యూయార్క్ ఆసుపత్రి ఒకదానిలో మామూలు గర్భాశయ ఆపరేషన్‌కు వచ్చిన యువతి ప్రాణాలు కోల్పోయింది. కొత్త పరికరం మీటల దగ్గర అమ్మకాల ప్రతినిధి ఉన్నాడని విచారణలో తేలింది. 2000లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ థియేటర్లో కంపెనీ ప్రతినిధుల హద్దులు చెబుతూ ప్రకటన ఇచ్చింది. ఆ దశాబ్దంలోనే ప్రతినిధులకు ముందస్తు నమోదు, టీకాల రుజువు, నేరచరిత్ర తనిఖీ, బహిష్కృతుల జాబితా తనిఖీ, ఆ రోజుకు మాత్రమే చెల్లే బ్యాడ్జీ ఆసుపత్రి గుమ్మం దగ్గర మామూలయ్యాయి. కంపెనీల పెద్దలు కూడా జాబితాకు అతీతులు కారు. ఆక్సికాంటిన్ మందు గురించి తప్పుడు ప్రచారం కేసులో 2007లో నేరం ఒప్పుకున్న పర్డ్యూ ఫార్మా ముగ్గురు అధికారులను ప్రభుత్వం 12 ఏళ్లు బహిష్కరించింది. 2012లో అప్పీలు కోర్టు బహిష్కరించే అధికారం ఉందంటూనే, అన్నేళ్లకు కారణం చెప్పలేదని కేసును వెనక్కి పంపింది.

తనిఖీ చేసే గది లోపలి పని ఓపికతో కూడినది. జాబితా ఫైల్లో పేరు, పుట్టిన తేదీ, చిరునామా, వృత్తి, బహిష్కరణకు ఆధారమైన సెక్షను, తేదీ, 2008 తర్వాతి నమోదుల్లో వైద్య సేవలందించేవారి గుర్తింపు సంఖ్య అయిన 10 అంకెల ఎన్‌పీఐ ఉంటాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు. పేరు కలిసిందంటే మనిషి కలిసినట్టు కాదు. వెబ్‌సైట్లో సోషల్ సెక్యూరిటీ నంబరు ఎక్కిస్తే సరిపోలిందో లేదో మాత్రమే చెబుతుంది. వెతికిన తెరను తేదీతో సహా ముద్రించి ఫైల్లో పెట్టాలి. రేపు అడిగేవారికి అదే సాక్ష్యం. ఫెడరల్ కాంట్రాక్టుల నిషేధ జాబితా, చాలా రాష్ట్రాల సొంత మెడికెయిడ్ జాబితాలు కూడా చూడాలి. ఒక రాష్ట్రం తొలగించినవారిని మిగతా రాష్ట్రాలూ తొలగించాలని 2010 ఆరోగ్య సంస్కరణ చట్టం చెప్పాక ఆ పని మరింత పెరిగింది.

ఈ గదిలో తెలుగు పేర్లు ప్రత్యేకమైన చిక్కు తెస్తాయి. 1965 వలస చట్టం తర్వాత గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాద్ వైద్య కళాశాలల్లో చదివినవారు పెద్దసంఖ్యలో అమెరికా ఆసుపత్రుల్లో చేరారు. వాళ్ల డిగ్రీని కళాశాలనే అడిగి నిర్ధారించుకునే పని 1956లో ఏర్పడిన విదేశీ వైద్య పట్టభద్రుల సంస్థ చూస్తుంది. పేరు దగ్గరే తికమక. పట్టా మీద ఇంటిపేరు ముందు, లేదా ఒక్క పొడి అక్షరంగా. పాస్‌పోర్టులో అదే చివర. లక్ష్మిని ఒకరు ఎక్స్‌తో, ఇంకొకరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు. శ్రీనివాసరావు ఒకచోట ఒకే మాట, ఇంకోచోట రెండు మాటలు. పెళ్లి తర్వాత కొందరికి భర్త ఇంటిపేరు చేరుతుంది. అందువల్ల మెళకువ తెలిసినవారు ఒక్క రూపంతో వెతికి ఊరుకోరు, పాత పేరు, కొత్త పేరు, ముందువెనకల కలయికలన్నీ వెతుకుతారు. ఏ తప్పూ చేయని డాక్టరు ఇంకొకరి పేరు కలిసిన పాపానికి ఆగిపోకూడదు, పేరు తిరగేసుకున్నవాడు తప్పించుకోకూడదు. హైదరాబాద్‌లో అమెరికా ఆసుపత్రుల బిల్లింగు, లైసెన్సుల పరిశీలన చేసే కార్యాలయాల్లో ఈ పని రోజువారీది. కాంట్రాక్టు సిబ్బందికీ నిబంధన వర్తిస్తుంది గనక అక్కడి ఉద్యోగుల పేర్లు కూడా అదే జాబితాతో సరిచూస్తారు.

జాబితాలోంచి పేరు దానంతటది పోదు. గడువు ముగియడానికి 90 రోజుల ముందునుంచి పునరుద్ధరణకు రాతపూర్వకంగా అడగవచ్చు. రాష్ట్రం లైసెన్సు తిరిగి ఇచ్చినా సరిపోదు. ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం లేఖ వచ్చేదాకా ఆ వ్యక్తి బహిష్కృతుడే. గడువు తీరిందని తనంతట తాను అనుకుని పనిలో చేరినవారు, చేర్చుకున్న ఆసుపత్రులు ఇక్కడే ఎక్కువగా చిక్కుకుంటారు. అభ్యర్థన నిరాకరిస్తే మళ్లీ అడగడానికి ఏడాది ఆగాలి. మంజూరైతే ఆ నెల విడుదలయ్యే పునరుద్ధరణల పట్టీలో పేరు వస్తుంది, జాబితా నుంచి తొలగిపోతుంది.